కరువు సీమలో కోడిగూడు

ఒక కుటుంబం తనకున్నదాన్ని ఎలా కాపాడుకుంటుందో గమనిస్తే, ఆ ఇంటి చుట్టూ ఉన్న నేల స్వభావం, ఇంట్లో పనులు పంచుకున్న తీరు, అదే నేలమీద బతికే ఇతర ప్రాణుల పట్ల ఆ మనుషుల వైఖరి ఒక్కచోటే తెలిసివస్తాయి. పొలానికి గట్టు ఉంటుంది, పశువుకు కొట్టం ఉంటుంది, జీవాలకు, అంటే రాయలసీమ వాడుకలో గొర్రెలకూ మేకలకూ, దొడ్డీ కాపరీ కుక్కా ఉంటాయి. పెరటి కోడికి మాత్రం పగలంతా కాపరి ఉండడు. పెరటి కోళ్ల పెంపకమంటే పది పదిహేను నాటుకోళ్లను ఇంటి చుట్టూ వదిలేసి, అవి దిబ్బల్లోనూ కళ్లాల్లోనూ గడ్డివాముల కిందా గింజలు, పురుగులు, చెదలు ఏరుకు తింటుంటే, పొద్దున పిడికెడు నూకలో కొర్రలో చల్లి, సాయంత్రం గూటికి చేర్చుకునే పద్ధతి. ఈ పెంపకానికి ఖర్చు దాదాపు లేకపోవడానికి కారణం కోడికి ఉన్న స్వేచ్ఛ; గద్దకూ ముంగిసకూ అవకాశం ఇచ్చేది కూడా ఆ స్వేచ్ఛే. కోడిని పూర్తిగా కట్టడి చేస్తే మేత కొనాలి, పూర్తిగా వదిలేస్తే కోడి మిగలదు. ఈ రెండింటి నడుమ గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్నకు అనంతపురం పల్లెలు తరతరాలుగా చెబుతూ వచ్చిన జవాబు, రక్షణ అంటే ఏమిటని ఆలోచించేవారెవరైనా శ్రద్ధగా పరిశీలించదగినది.

అనంతపురం పీఠభూమి భూగోళ శాస్త్ర పరిభాషలో ఎడారి కాదు. అది అర్ధశుష్క మండలం, అంటే ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండకు ఆవిరైపోగల నీరు ఆకాశం నుంచి పడే నీటికన్నా అధికంగా ఉండే ప్రాంతం. అరేబియా సముద్రం మీదుగా వచ్చే నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకోవడం వల్ల వాటికి తూర్పున ఏర్పడిన వర్షచ్ఛాయలో, అంటే వాన అందని మరుగున, ఈ సీమ ఉంది. ఈశాన్య రుతుపవనాలు కూడా తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండటంతో, రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో వాన తక్కువైన జిల్లాగా దీన్ని పేర్కొనడం పరిపాటి అయింది. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి, అంటే స్థానికులు హగరి అని పిలిచే నది, ఎండిపోయిన తన గర్భం నుంచి గాలికి లేచిన ఇసుకను పొలాల మీద మేటలుగా వేయడం వల్ల, అక్కడి నేల కొంతమేర నిజమైన ఎడారి రూపాన్నే దాల్చింది. 1882లో బళ్లారి నుంచి విడివడి ఏర్పడిన అనంతపురం జిల్లా 2022 ఏప్రిల్‌లో తానూ రెండుగా చీలి, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడినప్పటికీ, ఎర్రనేల, రాతిగుట్టలు, వేరుశనగ, వానకోసం ఎదురుచూపు ఈ రెండు జిల్లాలకూ ఉమ్మడివే.

ఇలాంటి నేలమీద కోడి విలువను దాని ధరతో లెక్కగట్టడం సరిపోదు. వానాధారంగా విత్తిన వేరుశనగకు ఊడలు దిగే వేళ నాలుగు వారాలు వాన మొహం చాటేస్తే, ఆ ఇంటి పెట్టుబడి మొత్తం మట్టిపాలవుతుంది. పశువుకు మేత దొరక్కపోతే దాన్ని అయినకాడికి అమ్ముకోవలసి వస్తుంది. కోడి మాత్రం ఎండిన కళ్లంలో కూడా తన తిండి తాను వెతుక్కుంటుంది. నాటుపెట్ట విడతకు 12 నుంచి 15 గుడ్లు పెట్టి, పొదగడానికి కూర్చుని, 21 రోజులకు పిల్లలను లేపుతుంది; ఏడాదికి మూడు నాలుగు విడతలు ఇలా సాగుతాయి. ఆ పిల్లల్లో ఎక్కువ భాగం రెండు నెలల వయసు దాటితే ఆ ఇంట్లో మంద నిలబడుతుంది, లేకపోతే పెట్ట పడ్డ శ్రమ అంతా వ్యర్థమవుతుంది. గుడ్ల మీదా కోళ్ల మీదా వచ్చే సొమ్ము చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతిలోనే ఉంటుంది. బిడ్డ నోటు పుస్తకాలకూ, జ్వరానికి మందుబిళ్లలకూ, పుట్టింటికి వెళ్లే బస్సు ఛార్జీకీ ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టుకోగల డబ్బు అదొక్కటే. మారెమ్మకు మొక్కు చెల్లించాలన్నా, ఇంటికొచ్చిన అల్లుడికి మర్యాద చేయాలన్నా ఆ మందలోంచే ఒక కోడి రావాలి. కాబట్టి గద్ద తన్నుకుపోయిన కోడిపిల్లను ఇంటి ఆదాయంలో చిన్న నష్టంగా చూడటం పొరపాటు. ఆ ఇంట్లో అందరికన్నా తక్కువ ఆస్తి ఉన్న మనిషికి అది పెద్ద నష్టం.

కోడి విలువను పెంచిన కరువే కోడికి ముప్పునూ పెంచుతుంది. వానలున్న ఏట ఎలుకలు, మిడతలు, తొండలు, కప్పలు పొలాలంతటా సమృద్ధిగా ఉండి, వాటిని తిని బతికే జంతువులు ఊరికి దూరంగానే కడుపు నింపుకుంటాయి. చెరువులూ కుంటలూ అడుగంటిన ఏట ఆ చిన్న ప్రాణులు పలచబడి, నీరు చేతిపంపు దగ్గరి గుంటలోనూ, పశువుల తొట్టిలోనూ, బోరు బావి కాలువలోనూ తప్ప మిగలకపోతే, ఆకలీ దాహమూ రెండూ ఆ జంతువులను ఊరి అంచుకు నడిపిస్తాయి. పెరటి స్థితి కూడా అప్పుడే మారుతుంది: ఆముదం చెట్లు ఆకు రాలుస్తాయి, కందికట్టె పొయ్యిలోకి పోతుంది, వాము తరిగిపోతుంది, కోడిపిల్ల దూరి దాక్కోవడానికి నీడంటూ లేక నేల నున్నగా బయటపడుతుంది. వేటాడేది దగ్గరికి వచ్చిన సమయంలోనే వేటకు గురయ్యేదానికి మరుగు లేకుండా పోవడం ఎండు సీమలకు ప్రత్యేకమైన కష్టం. వాన పుష్కలంగా పడే కోనసీమలో పెరటి దట్టమైన పచ్చదనం తానుగా చేసిపెట్టే పనిని, ఇక్కడ మనిషి పూనుకుని చేయవలసి వస్తుంది.

పగటి ముప్పు ప్రధానంగా ఆకాశం నుంచి వస్తుంది. ఊరిమీద తిరిగే గద్ద, చెట్టుకొమ్మన కదలకుండా పొంచి ఉండి ఒక్క ఉరుకులో నేలకు దిగే డేగ, గుంపుగా చేరి తల్లిని ఏమార్చే కాకి, పొదల చాటున నడిచే జెముడుకాకి మొదటి ఆరేడు వారాల వయసున్న పిల్లలకు శత్రువులు. వాటి నుంచి కాపాడే మొదటి కాపరి పిల్లల కోడే. కోళ్ల కూతల మీద 1980, 1990 దశకాల్లో పీటర్ మార్లర్, క్రిస్టఫర్ ఎవాన్స్ తదితరులు చేసిన పరిశోధనలు, ఆకాశంలోని శత్రువుకూ నేలమీది శత్రువుకూ కోళ్లు వేర్వేరు హెచ్చరికలు వాడతాయని నిరూపించాయి: తలకు ఎత్తున అమర్చిన తెరమీద గద్ద జాతి పక్షి బొమ్మ కదిలినప్పుడు పుంజు సన్నగా సాగే కూత వేసి నేలకు ఒదిగిపోయింది, నేలమీది జంతువు కనిపించినప్పుడు తెగిన ముక్కలుగా గట్టిగా కొక్కరించింది, పక్కన మరో కోడి ఉన్నప్పుడు ఆకాశపు శత్రువును గురించిన హెచ్చరిక మరింత ఎక్కువగా వినిపించింది. ప్రయోగశాలలో తేలిన ఈ తేడా పల్లెల్లో ఆడవాళ్లకు చెవి ద్వారా ఎప్పటినుంచో తెలుసు. వంటింట్లో రొట్టె తడుతున్న మనిషి ఒక రకం అరుపు వినగానే ఆకాశం వైపూ, మరో రకం అరుపు వినగానే వాము వైపూ చూడటం ఆ జ్ఞానానికి నిదర్శనం.

తల్లి హెచ్చరించినా పరుగెత్తి చేరడానికి ఒక చాటు ఉండాలి. అందుకే అనుభవమున్న ఇళ్లలో పెరటి మధ్య ఒక తుమ్మకంప కుప్పను ఏడాది పొడవునా కదపకుండా ఉంచుతారు; ముళ్ల సందుల్లోంచి కోడిపిల్ల సులువుగా దూరుతుంది, రెక్కలు చాచి దిగే గద్ద దూరలేదు. వంటచెరుకుగానూ కంచెగానూ తప్ప పనికిరాదనుకునే సర్కారు తుమ్మ ఇక్కడ కోడిపిల్లల ప్రాణాలు నిలబెడుతుంది. పిల్లలు లేచిన మొదటి రోజుల్లో తల్లినీ పిల్లలనూ కలిపి వెదురు గంప కింద బోర్లించి, గంప మీద రాయి పెట్టి, పూటకు కొంతసేపు మాత్రమే మనిషి కంటి ఎదుట బయటికి వదలడం కూడా ఇదే క్రమంలోనిది. తల్లి కాలికి మెత్తని గుడ్డపీలిక కట్టి వేపచెట్టు నీడన గూటానికి కట్టేస్తే, పిల్లలు తల్లిని విడిచి దూరం పోవు కాబట్టి, ఒక ముడితో పది ప్రాణాలకు హద్దు ఏర్పడుతుంది.

రాత్రి ముప్పు స్వభావం వేరు. కోడి కంటిపొర పగటి వెలుగుకు తగినట్టుగా ఏర్పడింది. చీకటిపడితే దానికి చూపు దాదాపు ఆనదు, పట్టుకున్నా పెనుగులాడలేదు. నేటి కోళ్లన్నింటికీ మూలమైన ఎర్ర అడవికోడి ఆగ్నేయాసియా అడవుల్లో ఈ బలహీనతను చెట్టెక్కి పడుకోవడం ద్వారా అధిగమించింది, ఆ అలవాటు నాటుకోడికి ఇప్పటికీ పోలేదు. గూడు లేని ఇళ్లలో కోళ్లు సాయంత్రం వేపచెట్టో చింతచెట్టో ఎక్కడం అందువల్లనే. చెట్టు నక్క నుంచీ కుక్క నుంచీ కాపాడుతుంది కానీ, కొమ్మలమీద నడవగల మానుపిల్లి నుంచీ, పెద్ద గుడ్లగూబ నుంచీ కాపాడలేదు. పిల్లలతో ఉన్న తల్లికి చెట్టెక్కే వీలే లేదు. నేలమీద అడవిపిల్లి, పునుగుపిల్లి, సుమారు మూడు కిలోల బరువుండే చిన్న గుంటనక్క, దానికన్నా చాలా పెద్దదైన నక్క రాత్రిపూట తిరిగితే, ముంగిసా ఉడుమూ పట్టపగలే గూటి దాకా వస్తాయి. గుడ్లకోసం, పిల్లలకోసం నాగుపామూ జెర్రిపోతూ గోడ సందుల వెంట చేరతాయి. పందికొక్కు మట్టి గోడ కింద కన్నం తవ్వి మిగతావాటికి దారి చేస్తుంది.

ఏది వచ్చిందో తెలియకుండా దేన్ని అడ్డుకోవాలో తెలియదు కాబట్టి, వచ్చిన జంతువును అది వదిలిన గుర్తులనుబట్టి పోల్చుకోవడం ఈ పెంపకంలో ఒక శాస్త్రంగానే వృద్ధి చెందింది. కోడి ఒక్కటే మాయమై, ఈకలు ఒక వరుసగా బీడువైపు పడివుంటే నక్కో అడవిపిల్లో ఎత్తుకుపోయిందని అర్థం. గూటిలో నాలుగైదు కోళ్లు మెడ దగ్గర కొరుకుడుతో చచ్చిపడి, మాంసం అంతగా తినకుండా ఉంటే ముంగిసనో పునుగుపిల్లినో అనుమానించాలి. పగలే అనేక కోళ్లు చెల్లాచెదరుగా నలిగి పడితే అది కుక్కల పని. గుడ్లు పెంకుతో సహా కనిపించకపోతే పామో ఉడుమో మింగింది. పెంకులు పగిలి అక్కడే మిగిలితే కాకో ఎలుకో ముంగిసో తిన్నది. ఈ గుర్తులు చదవగలిగిన మనిషి కోపంతో కనిపించిన ప్రతి జంతువు మీదా రాయి వేయదు. గూటిలో ఏ మూల సందుందో వెతుకుతుంది.

ఈ వివేకమంతా గూటి నిర్మాణంలో నిలిచి ఉంది. రాతి గోడలమీద దూలాలు పరిచి చౌడుమట్టి కప్పిన పాత మిద్దె ఇళ్లలో, గోడ మందంలోనో అరుగు కిందో ఒక మూర లోతు గూడు వదిలేవారు. దాని ముఖద్వారం కోడి వంగి దూరేంత మాత్రమే ఉండేది. దానికి తలుపుగా ఒక పలుచని బండ, బండకు ఆనించి మరో గుండు. తాడిపత్రి పరిసరాల్లో తవ్వితీసే నల్లని సున్నపురాతి బండలు ఈ సీమలో విరివిగా దొరుకుతాయి కాబట్టి, గూటి అడుగున ఒక బండ పరిస్తే పందికొక్కు తవ్వలేదు, ముంగిస కింది నుంచి రాలేదు, పొద్దున పెంట ఊడ్చి పొలానికి వేసుకోవడమూ తేలిక. గూటి చుట్టూ నాలుగు మూరల మేర చెత్త, కట్టెల కుప్ప, రాళ్ల గుట్ట లేకుండా శుభ్రంగా ఉంచితే పాము దాగడానికి తావుండదు. పొదిగే పెట్టకు ఇంట్లోనే ఒక మూల గంపలో ఇసుకో ఊకో పోసి గుడ్లు అమర్చి, కొన్ని ఇళ్లలో ఆ గుడ్ల మధ్య ఒక ఇనుప ముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ ఉంచుతారు. ఉరుముకు గుడ్లు చెడకూడదన్నది ఆ నమ్మకం. దాని ఫలితం ఏమైనా, రోజూ ఆ గంపను చూడాలన్న శ్రద్ధను అది నిలబెడుతుంది.

ఎండు సీమలో గూడు కట్టేవారికి మరో చిక్కు ఉంది. కోడి శరీర ఉష్ణం మామూలుగానే 41, 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. దానికి చెమట గ్రంథులు లేవు, ప్రధానంగా రొప్పడం ద్వారా వేడిని వదిలించుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలి వేడి 40 డిగ్రీలు దాటే చోట, సందు లేకుండా మూసిన రేకుల గూడు పగలు పీల్చుకున్న వేడిని రాత్రంతా వదులుతుంది, శత్రువు రాకుండానే కోడి ప్రాణం తీస్తుంది. గాలి ఆడాలి, జంతువు దూరకూడదు. ఆరు పలకల కళ్లతో అమ్మే మామూలు కోళ్ల జాలీ కోడిని లోపల ఉంచడానికి తయారైనదే కానీ, వేటాడేదాన్ని బయట ఉంచడానికి కాదు. కుక్క దాన్ని చింపగలదు, పిల్లపాము దాని కంట్లోంచే వస్తుంది. అర అంగుళం కన్ను ఉన్న అతుకు జాలీని గూటి పై భాగంలో గాలి వచ్చే చోట బిగించి, కింది భాగాన్ని రాతితో గట్టిగా మూసి, పైకప్పు మీద జొన్నచొప్పో బోదగడ్డో పరిస్తే రెండు అవసరాలూ తీరతాయి. మట్టిగోడకూ రాతిబండకూ ఉన్న చల్లదనాన్ని గుర్తించిన పాత గూడు, రేకు డబ్బా కన్నా ఈ వాతావరణానికి ఎంతో తగినది.

ఎంత గట్టి గూడైనా సాయంత్రం దాని తలుపు మూసే మనిషి లేకపోతే వ్యర్థం. పొద్దు గుంకే వేళ కోళ్లు వాటంతట అవే గూటికి చేరతాయి. వెలుగు పూర్తిగా పోకముందే వాటిని లెక్కపెట్టి, రానిదాన్ని కంప చాటునుంచీ వాము మీదనుంచీ వెతికి తెచ్చి, గూటిలోపలికి తొంగిచూసి పాము లేదని తేల్చుకుని, బండ వేయాలి. ఈ పని నిమిషాల్లో అయ్యేదే అయినా, ఏడాదిలో ఒక్క సాయంత్రం కూడా మినహాయింపు లేనిది, అందులోనూ వంట, పశువుల పాలు, నీళ్లు అన్నీ కలిసివచ్చే వేళలోనిది. కరువు ఏళ్లలో పని వెతుక్కుంటూ పల్లెల నుంచి బెంగళూరుకూ కేరళకూ జనం వలసపోయినప్పుడు, ఇళ్లలో చూపు తగ్గిన ముసలివాళ్లు మిగులుతారు, లేదా తాళాలే మిగులుతాయి. అలాంటప్పుడు కోళ్ల మందలు పలచబడటానికి కారణం జంతువులు పెరగడం మాత్రమే కాదు, తలుపు మూసే చేతులు తగ్గడం కూడా. రక్షణ అనేది ఒకసారి కొని బిగించే వస్తువు కాదు, రోజూ చేయవలసిన పని అన్న సత్యం వలస వల్ల ఖాళీ అయిన ఊళ్లలో స్పష్టంగా కనిపిస్తుంది.

మేలుజాతి కోళ్ల విషయంలో కూడా ఇదే సత్యం మరో రూపంలో ఎదురవుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన కేంద్రం, అంటే భారత వ్యవసాయ పరిశోధన మండలి 1988లో నెలకొల్పిన సంస్థ, పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ అనే రకాలను రూపొందించింది. వాటికి తెల్ల ఈకలకు బదులు నేలలో కలిసిపోయే రంగుల ఈకలనూ, పరుగెత్తి తప్పించుకోవడానికి అనువైన పొడవాటి కాళ్లనూ ఎంచుకోవడంలో, పరిశోధకులు శత్రువుల సమస్యను బాగా గుర్తించారని తెలుస్తుంది. నాటుకోడికన్నా ఇవి ఎక్కువ గుడ్లు పెడతాయి, త్వరగా బరువెక్కుతాయి. అయితే ఎక్కువ గుడ్ల కోసం ఎంపిక చేసిన ఈ రకాలు పొదగవు. ఈ పిల్లలు యంత్రంలో లేస్తాయి, తల్లి లేకుండా పెరుగుతాయి. గద్ద నీడ పడగానే హెచ్చరించే కూత వాటి బాల్యంలో లేదు, చాటుకు దారి చూపే తల్లి లేదు. అందుకే వాటిని సుమారు ఆరు వారాలు వెచ్చని, మూసి ఉన్న చోట పెంచాకే పెరట్లోకి వదలాలని నిపుణులు చెబుతారు. ఆ ఆరు వారాలూ తల్లి పనిని మనిషి చేయాలి. ఆ ఏర్పాటు లేకుండా పిల్లలను పంచిపెడితే ఆ సహాయం గద్దలపాలవుతుంది.

కోడి పోయిన ఇంట్లో కోపం సహజం. ఆ కోపం గుళికల మందు కలిపిన మాంసంగానో, ఉచ్చుగానో, కంచెకు ఇచ్చిన కరెంటుగానో మారినప్పుడు మాత్రం దాని ఫలితం కోడిగూటిని దాటిపోతుంది. విషం తిన్న నక్కతోపాటు ఊరికుక్క, ఆ కళేబరాన్ని వాలి తిన్న గద్ద, కాకి కూడా చస్తాయి. కరెంటు తీగ రాత్రి పొలానికి నీళ్లు కట్టబోయిన మనిషినే బలితీసుకుంటుంది. గుంటనక్క, నక్క, అడవిపిల్లి, ముంగిస, ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జంతువులు. వాటిని చంపడం నేరం. చట్టం కన్నా బలమైన కారణం పొలంలోనే ఉంది. గుంటనక్క ప్రధాన ఆహారం ఎలుకలు, చెదలు, పేడపురుగులు, మిడతలు, రేగుపండ్లు. కోడి దానికి ఎప్పుడో దొరికే అవకాశం మాత్రమే. వేరుశనగ కాయ ఊరే దశలో బొరియలు తవ్వి కాయలు మోసుకుపోయే ఎలుకను పట్టేవి ఆ గుంటనక్క, ఆ ముంగిస, ఆ జెర్రిపోతే. గూటి దగ్గర శత్రువైన జంతువు పొలంలో రైతుకు జీతం అడగని పనివాడు. ఒకచోటి నష్టాన్ని చూసి మరోచోటి మేలును చంపుకోవడం కరువు సీమ భరించగల ఖర్చు కాదు.

ఒక జంతువు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు జవాబు ఆ జంతువులో కాక, అది ఉన్న చోటులో ఉంటుందని ముంగిస చరిత్ర స్పష్టం చేస్తుంది. చెరకు తోటల్లో ఎలుకలను అణచడానికి 1872లో జమైకా ద్వీపానికి కలకత్తా నుంచి కొన్ని చిన్న ముంగిసలను ఓడలో తీసుకుపోయారు. 1883లో వాటి సంతతిని హవాయికి చేర్చారు. ఆ ద్వీపాల్లో వాటిని వేటాడే జంతువులు లేవు, వాటినుంచి తప్పించుకోవడం నేర్చిన పక్షులూ లేవు. మొదట ఎలుకలను తగ్గించినా, తర్వాత నేలమీద గూడుకట్టే పక్షులనూ, ఇళ్లలోని కోళ్లనూ అవి నాశనం చేశాయి. భారతదేశపు నేలమీద వేల ఏళ్లుగా పాము, ఎలుక, గద్ద, మనిషి నడుమ తన హద్దులో బతికిన ప్రాణి, ఆ హద్దులు లేని చోట ఉపద్రవంగా మారింది. అనంతపురంలో ఆ హద్దులు ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిని తెంచే అధికారం ఒక రాత్రి కోపానికి ఇవ్వకూడదు.

హద్దులు తెగితే ఏమవుతుందో ఈ సీమలోనూ ఒక ఉదాహరణ ఉంది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, చచ్చిన పశువు మాంసం ద్వారా రాబందుల మూత్రపిండాలను పాడుచేసి, దేశమంతటా వాటిని దాదాపు తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో దాని వాడకాన్ని ప్రభుత్వం నిషేధించేనాటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది. రాబందులు తినవలసిన కళేబరాలు కుక్కలకు మిగిలాయి. దానికి తోడు రోడ్డు పక్క మాంసం దుకాణాల వ్యర్థాలు వాటికి నిత్యాహారమయ్యాయి. పట్టపగలు గుంపుగా పెరట్లోకి దూకే ఈ కుక్కలను గుంటనక్కతో పోల్చలేము. అవి అడవి నుంచి వచ్చినవి కావు, మనిషి పారేసిన దానిమీద పెరిగినవి. అదే కుక్క శిక్షణతో కాపరి కూడా కాగలదు: ఆస్ట్రేలియాలోని వార్నంబూల్ దగ్గర, కోళ్లను నక్కల నుంచి కాపాడిన మరెమ్మా జాతి కుక్కలను 2006 నుంచి మిడిల్ ఐలాండ్ మీది చిన్న పెంగ్విన్ల రక్షణకు వినియోగించి మంచి ఫలితం సాధించారు. గొర్రెల మందతో పుట్టి పెరిగిన కుక్క మందను తినదన్న సంగతి అనంతపురం కాపరులకు కొత్త కాదు. కుక్కపిల్లగా ఉన్నప్పటి నుంచి కోళ్లతో కలిపి పెంచి, ఇంట తిండి పెట్టి, తన పెరడన్న మమకారం కలిగిస్తే ఆ కాపలా కోళ్లకూ అందుతుంది.

వీటన్నింటి నడుమ మరువకూడని శత్రువు కంటికి కనిపించనిది. పల్లెల్లో కొక్కెర రోగమనీ, శాస్త్ర పరిభాషలో రాణీఖెత్ వ్యాధి అనీ పిలిచే వైరస్ జబ్బు ఒక్క వారంలో ఊరి కోళ్లన్నింటినీ ఊడ్చేయగలదు. ఏ నక్కా అంత నష్టం చేయలేదు. మొదటి వారంలో కంట్లో వేసే చుక్కల టీకా, ఎనిమిది వారాల వయసులో సూది టీకా దానికి అడ్డుకట్ట. గూటి తలుపూ టీకా సీసా కలిసినప్పుడే కోడికి రక్షణ సంపూర్ణమవుతుంది, ఒకటి ఉండి మరొకటి లేకపోతే రెండూ లేనట్టే.

ఇంతవరకూ చెప్పిన విషయాలన్నీ ఒక భావన వైపే చూపుతున్నాయి. రక్షణ అంటే శత్రువును లేకుండా చేయడమన్నది ఒక తలపు. శత్రువుకూ తనవారికీ మధ్య సరైన వేళ సరైన హద్దు నిలపడమన్నది మరో తలపు. మొదటిది ఒక్కసారి ఆవేశంతో జరిగేది, రెండోది ప్రతిరోజూ ఓర్పుతో జరగవలసినది. మొదటిదానికి ఆయుధం చాలు. రెండోదానికి జంతువుల నడక తెలిసి ఉండాలి, కోడి గొంతు తెలిసి ఉండాలి, నేల ఎక్కడ మెత్తనో రాయి ఎక్కడ దొరుకుతుందో తెలిసి ఉండాలి. కరువు సీమ పల్లె రెండోదాన్నే ఎంచుకుంది, ఎందుకంటే అన్నీ కొరవడిన నేలమీద ఏ ప్రాణినీ పూర్తిగా పోగొట్టుకోగల వెసులుబాటు లేదు. రాత్రి బీడు నక్కదనీ, గూడు కోడిదనీ, వాటి మధ్య బండను నిలపడం తన బాధ్యతనీ ఒప్పుకున్న మనిషి, తన ఆస్తిని కాపాడుకుంటూనే ఇతరుల బతుకునూ గౌరవించింది.

ఆ బాధ్యతను మోసేది ఎక్కువగా ఆడవాళ్లే అయినా, ఏ లెక్కల్లోనూ అది పనిగా నమోదు కాదు. కోడిపిల్లలను పంచే పథకాల్లో పిల్లల సంఖ్య ఉంటుంది, గూటికి బండల ఖర్చు ఉండటం అరుదు. పంట పోతే పరిహారం గురించి చర్చ జరుగుతుంది, మంద పోతే అది ఇంటి గొడవగా మిగిలిపోతుంది. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో పెరటి కోళ్ల ద్వారా పేద ఇళ్లకు ఆదాయం కల్పించాలనుకునే ఏ ప్రయత్నమైనా పిల్లలకన్నా ముందు గూటితో మొదలుకావాలి: అడుగున బండ, పైన గాలికి జాలీ, పెరట్లో చాటుకు నాలుగు చెట్లు, ఊళ్లో టీకా వేయగల ఒక మనిషి, పోయిన కోడికి కారణం అడిగి రాసుకునే ఒక అలవాటు. వీటిలో ఏదీ ఖరీదైనది కాదు, ఏదీ బయటినుంచి నేర్చుకోవలసినదీ కాదు. సాయంత్రం గూటి ముందు వంగి కోళ్లను లెక్కపెట్టే ఆడమనిషికి వీటిలో చాలావరకు ముందే తెలుసు. ఆమె చెప్పేది విని, దానికి తగిన డబ్బు కేటాయించడమే ఇక మిగిలిన పని.